రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హర్-2, కేఐ-67: ఏది ఎలా చదవాలి

ఆపరేషనో సూది బయాప్సీనో అయ్యాక చేతికొచ్చే రిపోర్టులో పై సగం ఎలాగోలా అర్థమవుతుంది. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఏ రకం, చంకలోని గ్రంథులకు పాకిందా లేదా. కింద ఉండే నాలుగు వరుసల దగ్గరే అందరూ ఆగిపోతారు: ఈఆర్ 90%, పీఆర్ 40%, హర్-2 1+, కేఐ-67 18%. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లని అందుకునే రిసెప్టర్లు, హర్-2, కేఐ-67 ఇంకో రెండు ప్రోటీన్లు. వాటిని ఫోన్లో వెతుకుతారు, వెతికిన కొద్దీ టెన్షన్ పెరుగుతుంది, తీరా డాక్టర్ ముందు కూర్చునేసరికి అడగాల్సినవన్నీ మర్చిపోయి ఇంటికొస్తారు.

స్లైడ్లు చూసి ఆ నాలుగు వరుసలు రాయడమే నా పని. ఒకసారి ఒకావిడ రిపోర్టు తీసుకోవడానికి వచ్చి, అక్కడే కవరు చించి చూసి, "మూడూ పాజిటివ్ వచ్చాయి డాక్టరుగారూ, ఇంక నా పని అయిపోయినట్టేనా" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు, టెస్టులో పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే అని మనందరికీ అలవాటైపోయింది. ఇక్కడ ఆ లెక్క నడవదు. ఇక్కడ పాజిటివ్ అంటే ఆ క్యాన్సర్ కణంలో ఫలానా ప్రోటీన్ కనబడింది అని, అంతే. అది ఉండటం మంచికా చెడ్డకా అనేది ఆ ప్రోటీన్ ఏమిటి, దాన్ని పట్టుకునే మందు మన దగ్గర ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆవిడకి వచ్చిన మూడింటికీ మందులున్నాయి.

ముందు రెండు ప్రశ్నలు విడదీసుకోండి

ఏ మార్కర్ (రిపోర్టులోని ఇలాంటి గుర్తు) చూసినా దాన్ని రెండు విషయాలు అడగొచ్చు. ఒకటి, ఈ జబ్బు స్వభావం ఏమిటి, నెమ్మదిగా పోయేదా దూకుడుగా పోయేదా. రెండు, ఇది ఏ మందుకి లొంగుతుంది. మొదటిది జబ్బు తీరు గురించి, రెండోది మందు గురించి. నెట్లో చదివేవాళ్లు బోల్తా పడేది ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే.

హర్-2 కథే చూడండి. 1987లో డెనిస్ స్లామన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. హర్-2 జన్యువు కాపీలు ఎక్కువైన గడ్డలు త్వరగా తిరగబెడతాయి, ఆ రోగులు తక్కువ కాలం బతుకుతారు అని అందులో తేలింది. అంటే అప్పటికి అది చాలా చెడ్డ గుర్తు. 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది, అది సరిగ్గా ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. తర్వాత దానికి తోడు ఇంకొన్ని మందులు వచ్చాయి. గడ్డ మారలేదు, ప్రోటీన్ మారలేదు, కానీ ఆ వరుసకి అర్థం మారిపోయింది. కాబట్టి "హర్-2 పాజిటివ్ అయితే బతకరట" అని ఎవరైనా చెబితే వాళ్లు చదివింది ఏ ఏడాది రాసిందో అడగండి.

రిపోర్టులో వదిలేయాల్సిన పేర్లు

చాలా రిపోర్టుల్లో ఈ నాలుగే కాకుండా పీ63, ఈ-క్యాథరిన్, గాటా-3 లాంటి పేర్లు కూడా ఉంటాయి. వాటిని చూసి జబ్బు భవిష్యత్తు లెక్కలు వేయొద్దు. పీ63 లాంటివి గడ్డ పాలనాళం లోపలే ఉందా గోడ దాటి బయటికి వచ్చిందా తేల్చడానికి వేస్తాం. ఈ-క్యాథరిన్ లేకపోతే అది లోబ్యులర్ అనే రకం రొమ్ము క్యాన్సర్ అనడానికి బలం దొరుకుతుంది. గాటా-3 ఎక్కువగా వేరే చోట దొరికిన గడ్డ రొమ్ము నుంచి వచ్చిందేనా అని చూడటానికి. ఇవన్నీ జబ్బు పేరు తేల్చేవి. అంతకు మించి వాటి నుంచి లాగడానికి ఏమీ లేదు.

ఇంకో గందరగోళం సీఏ 15-3. అది రక్తంలో చూసేది, గడ్డ ముక్కలో చూసేది కాదు. రెండింటినీ "మార్కర్" అనే పిలుస్తారు కాబట్టి కలిసిపోతాయి. తొలి దశలో అది మామూలుగానే ఉండొచ్చు, వేరే కారణాలకి పెరగొచ్చు కూడా. మనం మాట్లాడుకునే నాలుగింటికీ దానికీ సంబంధం లేదు.

ఈఆర్, పీఆర్: కేంద్రకం గోధుమ రంగులోకి వచ్చిందా

గడ్డలోంచి తీసిన పల్చటి పొర మీద ఒక యాంటీబాడీ పోస్తాం, అది ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని మాత్రమే వెతికి అంటుకుంటుంది, అంటుకున్న చోట గోధుమ రంగు వస్తుంది. మిగతాదంతా లేత నీలం. మైక్రోస్కోప్‌లో చూస్తే ఈఆర్ బాగా ఉన్న గడ్డ మీద గసగసాలు చల్లినట్టు ఉంటుంది, ఒక్కో కణం మధ్యలో ముదురు గోధుమ చుక్క. నూరు క్యాన్సర్ కణాల్లో ఎన్నిటికి ఆ చుక్క ఉందో అదే మీ రిపోర్టులో శాతం. పక్కనే రంగు ఎంత గాఢంగా ఉందో కూడా రాస్తాం, లేతగానా, మధ్యస్థంగానా, ముదురుగానా. కొన్ని చోట్ల ఈ రెండూ కలిపి ఆల్రెడ్ స్కోరు అని 8కి ఇన్ని అని ఇస్తారు. శాతానికి 5 వరకూ, గాఢతకి 3 వరకూ. 3 దాటితేనే పాజిటివ్ అనుకోకండి, 3 వచ్చినా పాజిటివే.

శాతంలో చెప్పాలంటే 1% ఉన్నా పాజిటివే. కానీ ఇక్కడే చదివేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. 1 నుంచి 10% మధ్య వచ్చిన దాన్ని 2020 నుంచి "ఈఆర్ లో (low, అంటే తక్కువ) పాజిటివ్" అని విడిగా రాయమని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకంటే ఇలాంటి గడ్డల్లో చాలావరకు పేరుకి పాజిటివ్ అయినా నడవడిక నెగటివ్ గడ్డలకి దగ్గరగా ఉంటుంది. 95% వచ్చినవాళ్లూ 3% వచ్చినవాళ్లూ ఇద్దరూ "పాజిటివ్" అనే మాట పట్టుకుని కూర్చుంటే కుదరదు. మాట కాదు, అంకె చూడండి.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి 70 నుంచి 80 వరకూ ఈఆర్ ఉన్నవే. వీటికి హార్మోన్ అందకుండా చేస్తే ఎదుగుదల ఆగుతుంది. టామోక్సిఫెన్ మాత్ర 5 ఏళ్లు వాడిన ఈఆర్ పాజిటివ్ రోగుల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు మొదటి 15 ఏళ్లలో దాదాపు మూడో వంతు తగ్గాయని పెద్ద పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. రోజుకో మాత్రతో ఇంత ఫలితం అంటే చిన్న విషయం కాదు.

పీఆర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఈస్ట్రోజెన్ దారి సరిగ్గా పనిచేస్తుంటే దాని వల్లే పీఆర్ తయారవుతుంది, కాబట్టి రెండూ బాగా ఉంటే గడ్డ ఇంకా హార్మోన్ మాట వింటోందని అర్థం. ఈఆర్ ఉండి పీఆర్ లేకపోతే కాస్త దూకుడు ఎక్కువని చూస్తాం, కానీ హార్మోన్ మందు మాత్రం ఇస్తారు.

హర్-2: 2+ వస్తే రిపోర్టు ఇంకా పూర్తి కాలేదు

ఇక్కడ రంగు కేంద్రకంలో కాదు, కణం చుట్టూ ఉండే పొర మీద చూస్తాం. 3+ గడ్డని ఒకసారి చూస్తే మర్చిపోలేరు, కోళ్ల గూటికి కొట్టే ఇనుప వల లాగా ప్రతి కణం చుట్టూ ముదురు గీత గీసినట్టు ఉంటుంది. పదో వంతు కంటే ఎక్కువ కణాల్లో అలా నిండుగా, గాఢంగా ఉంటే 3+, అంటే పాజిటివ్. 0, 1+ వస్తే నెగటివ్. 2+ అంటే గీత ఉంది గానీ తేల్చి చెప్పేంత గాఢంగా లేదు.

2+ వచ్చాక చేయాల్సింది ఫిష్ టెస్ట్. అందులో కేంద్రకం లోపల హర్-2 జన్యువుకి ఒక రంగు చుక్క, 17వ క్రోమోజోముకి ఇంకో రంగు చుక్క వెలుగుతాయి, వాటిని ఒక్కో కణంలో లెక్కపెడతాం. మామూలు కణంలో ఇవి రెండు, అవి రెండు. హర్-2 చుక్కలు 17వ క్రోమోజోము చుక్కలకి రెండింతలో అంతకంటే ఎక్కువో ఉండి, కణానికి సగటున 4 తగ్గకుండా ఉంటే పాజిటివ్. 2+ మీదే ఆగిపోయిన కాగితం పట్టుకుని మందు మొదలుపెట్టడం, వద్దనడం, రెండూ తప్పే. "ఫిష్ పంపారా" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోవడం వల్ల వారాలకి వారాలు పోయిన కేసులు నేను చూశాను.

ఇంకో విషయం. ఇదివరకు 0 అన్నా 1+ అన్నా ఒకటే, రెండూ నెగటివ్ బుట్టలోకి వెళ్లేవి. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు, శరీరంలో వేరే చోటికి పాకిన జబ్బులో, 1+ వాళ్లకీ ఫిష్ నెగటివ్ వచ్చిన 2+ వాళ్లకీ కూడా ఆయుష్షు పెంచిందని ట్రయల్‌లో తేలింది. ఇలాంటి గడ్డల్ని "హర్-2 లో (low)" అంటున్నారు. అందుకే ఇప్పుడు ఉత్త "నెగటివ్" అని రాసి ఊరుకున్న రిపోర్టు సరిపోదు, 0నో 1+ఓ స్పష్టంగా ఉండాలి.

కేఐ-67: అందరూ భయపడేది, అందరికంటే తక్కువ నమ్మాల్సింది

పేరు వెనక కథ సరదాగా ఉంటుంది. జర్మనీలోని కీల్ నగరంలో కనిపెట్టారు కాబట్టి కేఐ, ప్రయోగం చేసిన ప్లేటులో 67వ గుంటలో దొరికింది కాబట్టి 67. 1983 నాటి మాట. విడిపోయే పనిలో ఉన్న కణాల్లో ఈ ప్రోటీన్ ఉంటుంది, ఖాళీగా కూర్చున్న కణాల్లో ఉండదు. అంటే శాతం ఎక్కువ ఉంటే గడ్డ త్వరత్వరగా పెరుగుతోందని.

ఇంతవరకూ బాగానే ఉంది, చిక్కంతా లెక్కపెట్టడంలో. ఒకే గడ్డలో ఒక మూల 10% ఉంటే, అంచు దగ్గర 35% ఉంటుంది. బాగా రంగు పట్టిన చోటు లెక్కపెట్టాలా, అన్ని చోట్లా చూసి సగటు తీయాలా? లేత రంగు ఉన్న కేంద్రకాన్ని కలపాలా వదిలేయాలా? మేం ఇద్దరం ఒకే స్లైడు విడివిడిగా చూసి, నేను 16 అని, మా సహోద్యోగి 24 అని రాసుకుని, పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్న రోజులున్నాయి. మధ్యలో ఉండే అంకెలకి ఇది మామూలే. ఒకప్పుడు 14% దాటితే ఎక్కువ అన్నారు, తర్వాత 20 అన్నారు. దీని మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం చివరికి చెప్పింది ఇది: ఈఆర్ ఉండి హర్-2 లేని తొలి దశ గడ్డల్లో 5% లోపు ఉంటే తక్కువని నమ్మొచ్చు, 30% పైన ఉంటే ఎక్కువని నమ్మొచ్చు, ఆ మధ్యలో ఉన్నదాన్ని బట్టి ఒంటరిగా నిర్ణయాలు తీసుకోవద్దు.

కాబట్టి 18 వచ్చినందుకు నిద్ర మానుకోకండి, 22 వచ్చిన పక్కింటి మనిషితో పోల్చుకోకండి. బయాప్సీలో 15, ఆపరేషన్ ముక్కలో 20 వచ్చిందని "ఈ నెలలోనే పెరిగిపోయింది" అనుకోవడం కూడా అంతే.

ఇప్పుడు అన్నీ ఒకచోట పెట్టి చదవండి

ఒక కాగితం తీసుకుని ఈ వరుసలో రాసుకోండి: గడ్డ సైజు, చంకలో ఎన్ని గ్రంథుల్లో ఉంది, గ్రేడ్, ఈఆర్, పీఆర్, హర్-2, చివర్లో కేఐ-67. మార్కర్లని సైజునీ గ్రంథుల్నీ వదిలేసి చదవకూడదు, ఎంత మంచి మార్కర్లున్నా పది గ్రంథుల్లో పాకిన జబ్బు చిన్నదైపోదు. గ్రేడ్ అంటే కణాలు మామూలు కణాలకి ఎంత దూరం వెళ్లాయన్నది. మూడు అంశాలకి ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు వేసి కూడతాం, 3 నుంచి 5 వరకూ గ్రేడ్ 1; 6 లేక 7 అయితే గ్రేడ్ 2; 8 లేక 9 అయితే గ్రేడ్ 3. స్టేజీతో దీన్ని కలిపేయకండి, గ్రేడ్ 3 అంటే మూడో స్టేజీ కాదు. అయితే 2018 నుంచి అమలైన స్టేజింగ్ పద్ధతిలో గ్రేడ్, ఈఆర్, పీఆర్, హర్-2 కూడా స్టేజీ లెక్కలోకి వచ్చాయి, అందుకే ఒకే సైజు గడ్డ ఉన్న ఇద్దరికి వేరే వేరే స్టేజీ రాయొచ్చు.

రాసుకున్నాక వరుసలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా చూడండి. గ్రేడ్ 1, ఈఆర్ 95, పీఆర్ 80, హర్-2 0, కేఐ-67 6 అనుకోండి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి, నెమ్మదైన గడ్డ. గ్రేడ్ 3, ఈఆర్ 0, పీఆర్ 0, హర్-2 0, కేఐ-67 70, ఇవీ ఒకే మాట చెబుతున్నాయి, అది దూకుడు గడ్డ, ట్రిపుల్ నెగటివ్, అంటే ఈఆర్, పీఆర్, హర్-2 మూడూ లేనిది. కానీ గ్రేడ్ 1 అని రాసి ఈఆర్ 0 అని ఉంటే? అది అరుదు. అలాంటప్పుడు జబ్బు గురించి భయపడే ముందు టెస్టుని అనుమానించాలి. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) పడాలి, అందులో 6 గంటలకి తగ్గకుండా 72 గంటలకి మించకుండా ఉండాలి. ఆలస్యమైతే ప్రోటీన్ పాడైపోయి, ఉన్నది లేనట్టు కనబడుతుంది. ముక్కలో క్యాన్సర్ పక్కన మామూలు పాలనాళాలు ఉంటాయి, వాటిలో కొన్ని కణాలకైనా ఈఆర్ రంగు రావాలి. అవి కూడా నీలంగానే ఉంటే ఆ 0ని నమ్మకూడదు, వేరే ముక్క మీద మళ్లీ చేయాలి. "పక్కనున్న మామూలు కణాలకి రంగు వచ్చిందా" అని మీరు అడగొచ్చు, ల్యాబువాళ్లు ఏమీ అనుకోరు. నిజానికి అడిగితే నాకైతే సంతోషం.

ఈఆర్ ఉండి హర్-2 లేక, కీమో ఇవ్వాలా వద్దా అని డాక్టరే ఊగిసలాడుతుంటే, ఆ మధ్య అంకెల చీకటిని కేఐ-67 తీర్చదు, జన్యు పరీక్షలు కొంత తీరుస్తాయి. ఆంకోటైప్ అనేది 21 జన్యువులు చూసి 0 నుంచి 100 లోపు స్కోరు ఇస్తుంది. చంకలోకి పాకని జబ్బులో, 50 దాటినవాళ్లకి స్కోరు 25 వరకూ ఉంటే హార్మోన్ మందుకి కీమో జోడించినా లాభం కనబడలేదని 2018లో వచ్చిన టైలర్ఎక్స్ ట్రయల్ చెప్పింది. అంతకంటే చిన్న వయసువాళ్లలో 16 నుంచి 25 మధ్య కొంత లాభం కనబడింది. ట్రిపుల్ నెగటివ్ వాళ్లకీ హర్-2 పాజిటివ్ వాళ్లకీ ఈ పరీక్ష కాదు, ఎవరైనా చేయించమంటే ఎందుకని అడగండి.

మంచి మార్కరు, చెడ్డ మార్కరు అనే ముందు క్యాలెండరు చూడండి

ట్రిపుల్ నెగటివ్‌లో తిరగబెట్టే ప్రమాదం మొదటి మూడేళ్లలో ఎక్కువ, 5 ఏళ్లు దాటాక బాగా పడిపోతుంది. ఈఆర్ పాజిటివ్‌లో అలా కాదు. మొదట్లో తక్కువగానే ఉంటుంది గానీ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, 5 ఏళ్లు హార్మోన్ మందు వాడి అప్పటికి ఏ జబ్బూ లేనివాళ్లని చూశారు. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండి గ్రంథుల్లో లేనివాళ్లలో కూడా 5వ ఏడాది నుంచి 20వ ఏడాది లోపు నూటికి 13 మందికి వేరే అవయవాల్లో తిరిగి వచ్చింది. 4 నుంచి 9 గ్రంథుల్లో ఉన్న, అంతకంటే పెద్ద గడ్డవాళ్లలో 41 మందికి. వాళ్లలో చాలామంది పాత మందులు వాడినవాళ్లు, ఇప్పటివాళ్లకి అంత ఉండకపోవచ్చు, కానీ తీరు అదే. "మీది మంచి రకం" అన్నారని మూడో ఏడు మాత్రలు మానేసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే.

ట్రిపుల్ నెగటివ్, హర్-2 పాజిటివ్ గడ్డలకి ఆపరేషన్‌కి ముందే మందులు ఇస్తే ఇంకో పెద్ద గుర్తు దొరుకుతుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో, గ్రంథుల్లో గోడ దాటిన క్యాన్సర్ ఏమీ మిగల్లేదని వస్తే, మొదట చూసిన కేఐ-67 ఎంతున్నా సరే, ముందు ముందు బాగుండే అవకాశం చాలా మెరుగు. మిగిలితే దానికి తగ్గట్టు తర్వాతి మందు మారుస్తారు. కాబట్టి రెండో రిపోర్టు కూడా మొదటిదాని అంత శ్రద్ధగా చదవండి.

డాక్టర్ని కలిసేటప్పుడు

పైన చెప్పిన కాగితం తీసుకెళ్లండి. ఈఆర్ 10 లోపు ఉంటే దాన్ని ఎలా చూస్తున్నారో అడగండి. 2+ ఉంటే ఫిష్ గురించి అడగండి. ట్రిపుల్ నెగటివ్ అయినా, చిన్న వయసైనా, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము లేక అండాశయం క్యాన్సర్ వచ్చి ఉన్నా బీఆర్‌సీఏ (వంశంలో వచ్చి రొమ్ము, అండాశయ క్యాన్సర్ ప్రమాదం పెంచగల జన్యువులు) పరీక్ష గురించి అడగండి, అది మందుల ఎంపికనీ మార్చగలదు, ఇంట్లో ఆడపిల్లలకీ పనికొస్తుంది. "ఎన్నేళ్లు" అని అడిగితే ఏ డాక్టరూ ఈ నాలుగు వరుసల్లోంచి ఒక అంకె తీసి ఇవ్వలేరు, "నాలాంటి రిపోర్టు ఉన్న నూరు మందిలో ఈ మందు వల్ల ఎంతమందికి లాభం" అని అడిగితే మాత్రం పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

ఇక రిపోర్టు మీద బ్లాక్ నంబర్ అని ఒకటి ఉంటుంది, ఎవరూ చూడరు. మీ గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచిన చిన్న దిమ్మ నంబరు అది. వేరే చోట రెండో అభిప్రాయం కావాలన్నా, ఫిష్ చేయించాలన్నా, ఆంకోటైప్ పంపాలన్నా ఆ దిమ్మే కావాలి. ఆ నంబరు రాసుకోండి, దిమ్మ ఎన్నేళ్లు దాస్తారో ల్యాబులో కనుక్కోండి. ఎప్పుడైనా జబ్బు తిరిగి కనబడితే పాత రిపోర్టు మీద ఆధారపడకుండా వీలైతే కొత్త చోటు నుంచి ముక్క తీయించి ఈఆర్, పీఆర్, హర్-2 మళ్లీ చేయించండి, మధ్యలో అవి మారిపోయే అవకాశం ఉంది. ఎముక నుంచి తీస్తే మాత్రం ఎముకని మెత్తబరిచే యాసిడ్ వల్ల టెస్టు పాడవచ్చు, ముక్క పంపే ముందే ఆ సంగతి ల్యాబుకి చెప్పమని మీ డాక్టర్‌తో అనండి.